తొర్రలో వదిన

ఒక అడవిలో మద్దిచెట్టు తొర్రలో కొమ్ముముక్కు పక్షి గుడ్లు పెట్టింది. పాములు రాకుండా తొర్ర వాకిలిని మట్టితో మూసుకుని లోపలే కూర్చుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంది. మగపక్షి రోజూ కొండ అవతలి నుంచి పండ్లు తెచ్చి ఆ సందులోంచి అందించేది.

తొర్రను ఆనుకునే ఒక ఉడత గూడు కట్టుకుంది. "నీకు అందరికంటే దగ్గరిదాన్ని నేనే వదినా! మన మధ్య ఉన్నది ఈ బెరడే కదా," అని మురిసిపోయేది.

పిల్లలు పుట్టాక ఒకరోజు గాలివాన విరుచుకుపడింది. పొద్దు వాలుతున్నా మగపక్షి జాడ లేదు. లోపల పిల్లలు ఆకలికి గోల పెడుతున్నాయి.

"అన్నయ్య ఎక్కడ చిక్కుకున్నాడో ఏమో," అంది ఉడత బెంగగా.

"వస్తున్నాడులే," అంది తల్లిపక్షి. "కుడిరెక్క సరిగా ఆడించలేకపోతున్నాడు. దెబ్బ తగిలినట్టుంది."

ఉడత చిటారుకొమ్మకు పాకి చెవులు రిక్కించింది. ఉరుములు తప్ప ఏమీ వినపడలేదు. పాపం, దిగులుతో వదినకు మతి చలించింది అనుకుంది.

చాలాసేపటికి వానలోంచి మగపక్షి వచ్చి వాలింది. నోట్లో మేడిపండ్లున్నాయి, కుడిరెక్క వేలాడుతోంది. అది పండ్లు అందించేలోపే సందులోంచి ముక్కు బయటికొచ్చి, ఆ రెక్కను మెల్లగా నిమిరింది.

ఉడత తడిసిన తోకను కూడా దులుపుకోకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత, ఇన్నాళ్లూ తను ఆనుకుని ఉన్న ఆ బెరడు దగ్గరకు వచ్చి, కొత్తగా పరిచయమైనదానిలా బెరుకుగా అడిగింది.

"వదినా, నీకు పిల్లలెందరు?"