కేక్ తినని లక్ష్మీపతి

"కనీసం ఇవాళైనా తినండి లక్ష్మీపతి గారూ. నా పుట్టినరోజు!" అంటూ డాక్టర్ ఇందుమతి కేక్ ప్లేటు ముందుకు జరిపింది.

"గుడ్డు కదండీ. మా ఇంటి ఆచారం" అన్నాడు లక్ష్మీపతి. ఆ ల్యాబ్‌లో ఆరేళ్ళుగా ఆయన చెబుతున్నది అదే మాట.

జర్మనీలో హానోవర్ వచ్చినా, 1974 వచ్చినా ఈ చాదస్తం పోదా అని ఆవిడకి ఒళ్ళు మండింది. అసలే మనసు మనసులో లేదు. గుడ్డు పడనివాళ్ళ కోసం, గుడ్డులోని ప్రొటీన్‌ని తెంచి తీసిన పెప్టైడ్ ముక్కలతో చేసిన మందు బల్లమీద ఉంది.

"రేపు తొమ్మిదింటికి ఆ గుడ్డు పడని పాపకి ఈ మందు ఇవ్వాలి, రమ్మని టెర్మిన్ ఇచ్చేశాను. ఏం భయం లేదు, నామీద నాలుగుసార్లు గుచ్చి చూసుకున్నాను. దద్దురు కూడా లేవలేదు."

"మీకు గుడ్డు తిన్నా లేవదు కదండీ. మీమీద చూస్తే ఏం తేలుతుంది?"

లక్ష్మీపతి చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నామీద చూడండి. చిన్నప్పుడు ఒక్క ముక్క తింటే ఊపిరాడక నీలంగా అయిపోయాను. ఆ సంగతి చెబితే నన్నీ పని ముట్టుకోనిచ్చేవారా?"

"మరి ఆచారం?"

"మా ఇంట్లో అందరూ తింటారండీ."

ఇందుమతి సూది అందుకోబోయి ఆగింది. కేక్ ప్లేటు తీసుకెళ్ళి గది బయట పెట్టి వచ్చి, మోచేతులదాకా సబ్బు రుద్దుకుని చేతులు కడుక్కుంది.