బోర్డు పక్క కిటికీ

మీనాకుమారి టీచరు గొంతు ఎంత సిన్నదంటే, ఆవిడ హాజరు పిలుస్తుంటే సెవి పక్కన ఎగిరే దోమ కూడా ఆగి "ఏటమ్మా?" అని అడిగీది.

అలాంటావిడికి, బెంగాలీవోళ్ళ రైల్వే ఊళ్ళో, తాల్‌బగీచా పేటలో ఒక తెలుగు బడిలో అయిదో క్లాసు అప్పజెప్పినారు. నలభై ఇద్దరు పిల్లలు.

పెద్ద టీచరు సుజాతమ్మ మొదటి రోజే సెప్పేసినాది.

"నెల తిరిగేక శుక్రవారం కమిటీవోళ్ళు ఒచ్చి ఆఖరి బెంచీలో కూకుంటారు. అక్కడిదాకా పాఠం అందితే ఉజ్జోగం ఉంటాది. నేదంటే నా సేతిలో ఏటీ నేదు."

"నాకు సేతకాదేమో మేడమ్."

"అదొక్కటే గట్టిగా అన్నావు!"

ఆ మర్నాడే, బోర్డు పక్క కిటికీ కాడ ఒక ముసిలాయన సైకిలు ఆపినాడు. హేండిలుకి కూరల సంచీ.

లోపల మీనా భిన్నాలు సెప్తోంది.

"ఇనబడనేదు! గట్టిగా సెప్పు!" కిటికీలోంచి కేక.

పిల్లలు గొల్లుమన్నారు.

"ఎవరండీ తాతగారూ మీరు?"

"ఇనబడనేదు!"

"మీకేటి కావాలి?"

"గట్టిగా!"

ఆ మర్నాడూ అదే. ఆ నెలంతా అదే.

పోనీ టీచరు మొహమైనా సూస్తాడా అంటే, అదీ నేదు. క్లాసు ఎనక్కి సూసుకుంటూ నిలబడీవోడు. ఆవిడ గొంతు జారిందా, కేకేసీవోడు.

సిగ్గుతో ఆవిడ బుగ్గలు మండిపోయీవి. ఏడుపొచ్చీది. ఏడవలేక అరిసి పాఠం సెప్పీది.

అప్పుడు బుర్రూపి, సైకిలెక్కి ఎల్లిపోయీవోడు.

కమిటీ ఒచ్చే ముందు గురువారం వొచ్చీసింది. మీనా గేటు కాపలా దర్వాన్ కాడికి పరిగెత్తినాది.

"దాదా, రేపు కమిటీ ముందు ఆయన అరిసినాడంటే నా బతుకు బుగ్గే. ఎలాగైనా ఆపండి."

"ఠీక్ హై, దీదీ," అన్నాడు దర్వాన్.

అన్నట్టే, కిటికీ ఊసల మీంచి ఆయన సెయ్యి లాగి, సైకిలుతో సహా మలుపుదాకా నెట్టుకెల్లి ఒదిలేసినాడు.

ముసిలాయన ఎనక్కి తిరిగి, మొదటిసారి, టీచరు మొహంలోకి సూసినాడు. సైకిలెక్కి ఎల్లిపోనాడు.

శుక్రవారం నలుగురు కమిటీవోళ్ళు ఆఖరి బెంచీలో ఇరుక్కుని కూకున్నారు.

మీనా పాఠం మొదలెట్టినాది. గొంతు లోపలికి జారిపోతోంది. అలవాటుగా కిటికీ వైపు సూసినాది.

ఎవ్వరూ నేరు. కేకేసీవోడే నేడు.

ఆ ఖాళీ కిటికీకి ఇనబడాలని గొంతెత్తినాది. ఎత్తినాదంటే అలాగిలాగ కాదు. గిరి మైదాన్ టేసన్లో ఆగున్న గూడ్సుకి గార్డు హడిలిపోయి పచ్చజెండా ఊపేసినాడు!

ఉజ్జోగం కాయమైపోయింది.

సాయంత్రం దర్వాన్‌ని అడిగి ఆయన ఇల్లు ఎతుక్కుంటూ ఎల్లినాది. ముసిలాయన అరుగు మీద కూకుని బీరకాయలు సెక్కు తీస్తన్నాడు.

"తాతగారూ, తప్పైపోనాది. మీ వల్లే నాకు గొంతొచ్చింది. సోమారం నుంచి మళ్ళీ రండి."

ఆయన తలెత్తి సూసినాడు. మళ్ళీ బీరకాయ పట్టుకున్నాడు.

కోపమొచ్చిందనుకుని గట్టిగా సెప్పినాది. ఇంకా గట్టిగా సెప్పినాది. వీధిలో తలుపులన్నీ తెరుసుకున్నాయి. ఊరంతా ఇనబడే గొంతు, రెండడుగుల దూరంలో ఆ ఒక్క మడిసి కాడికి ఎల్లనేదు.

లోపల్నించి ఆయన పెళ్ళాం సింహాచలమ్మ ఒచ్చినాది.

"అరవకు తల్లీ. రైలు పెట్టెలు సేసే వేగన్ షాపులో ముప్పై ఏళ్ళు రివెట్లు కొట్టినాడు. ఇప్పుడు పిడుగు పడినా ఇనబడదు."

మీనా ఆవిడ వైపు తిరిగినాది.

"సైగ సేసైనా సెప్పండమ్మా, రమ్మని."

సింహాచలమ్మ బడి వైపు సెయ్యి సూపించింది. ఆయన అడ్డంగా తలూపి, దర్వాన్ పట్టుకున్న మణికట్టు రుద్దుకున్నాడు.

"రాడమ్మా. ఒక్కసారి ఒద్దన్న సోటికి మరి ఎల్లడు."

"మరి... నా గొంతు తగ్గినప్పుడల్లా ఈయనకెలా తెలిసీది?"

"రోజూ ఇంటికొచ్చి, 'ఆ పిల్లకి పాఠం సెప్పడం వొచ్చు, వొచ్చని దానికే తెలీదు' అనీవోడు. నీ మాట ఒక్క ముక్క ఇన్నాడా ఏటి తల్లీ, ఆఖరి బెంచీ పిల్లల తలలు వాలిపోతే 'ఇనబడనేదు' అని ఆళ్ళ కోసం అరిసీవోడు."