మూడు సుత్తి దెబ్బలు

మీట లాగితే సరుకంతా జారిపోయే అడుగు తలుపుల వ్యాగన్లు వచ్చి, పారలతో బొగ్గు దించేవాళ్ల నోట్లో మట్టి కొట్టాయి. పని పోయినవాళ్లు ఖాళీ వ్యాగన్లలోనే పడుకునేవారు. అందుకే బొగ్గు పోసేముందు మేస్త్రీ వ్యాగన్‌ను సుత్తితో మూడుసార్లు కొట్టి వాళ్లను లేపాలి.

ఒక వానరాత్రి మేస్త్రీ బద్ధకించాడు. మర్నాడు బొగ్గు దించే చోట అడుగు తలుపులు తెరిస్తే బొగ్గుతోపాటు, పని పోయిన అతని బావమరిది శవమై జారిపడ్డాడు.

"నేను కొట్టానే! వాడే లేవలేదు," అని పెళ్లాం దగ్గర ఏడ్చి మొత్తుకున్నాడు.

నెల తిరక్కుండా, ఒక రాత్రి అదే వ్యాగన్ మళ్లీ వచ్చింది. ఈసారి మేస్త్రీ మరిచిపోకుండా మూడుసార్లు కొట్టాడు. ఇనుము మోత ఆగాక లోపల ఎవరో ఆవులించారు.

"లేచాను బావా. ఆగు, దిగుతున్నా."

పైనుంచి బొగ్గు పోసే ఆపరేటర్ కేకేశాడు. "మేస్త్రీ, ఖాళీయేనా?"

మేస్త్రీ తలెత్తలేదు.

"ఖాళీయే. పోసెయ్."