ఖాళీ పీట

పుస్తకాల ఎగ్జిబిషన్లో రచయిత్రి వకుళ పొద్దుటినుంచీ తల్లిదండ్రులకి సంజాయిషీ చెప్పుకుంటూనే ఉంది. పిల్లల పుస్తకాలన్నీ ఇప్పుడు మారే కాగితం మీదే వస్తున్నాయి. ఎవరైనా అభ్యంతరం పెట్టి, రాసినవాళ్లు సరేనని వేలిముద్ర వేస్తే చాలు, ఇళ్లకి చేరిపోయిన పుస్తకాల్లో కూడా కథ మారిపోతుంది.

"పిల్లల కథలో నానమ్మ చచ్చిపోవడమేంటండీ! మావాడు అన్నం మానేశాడు," అని ఓ తండ్రి విరుచుకుపడ్డాడు.

"పోవడమంటే ఏమిటో పిల్లలకి ఎవరో ఒకరు చెప్పాలి కదండీ," అంది వకుళ. ఆ ముక్క చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. స్టాలు మూయించేస్తారని ఫోన్లో పబ్లిషరు ఒకటే గోల. భోజనాల వేళకి విసిగిపోయి వేలిముద్ర వేసేసింది.

సాయంత్రం ఓ పాప పొద్దున కొనుక్కెళ్లిన ఆ పుస్తకం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఆంటీ, పొద్దున ఈ బొమ్మలో పొయ్యి దగ్గర పీట ఖాళీగా ఉంది. ఇప్పుడు చూడండి, నానమ్మ వచ్చేసి జంతికలు వత్తుతోంది! మా నానమ్మ కూడా పోయిన నెల చచ్చిపోయింది. తనెప్పుడొస్తుంది?"



"మధ్యాహ్నం నుంచీ వీధి తలుపు వెయ్యనివ్వడం లేదండీ," అంది వెనకే వచ్చిన తల్లి.