వరపూజకు వచ్చినామె

తాంబూలాలు మార్చుకోబోతుండగా ఆమె పందిట్లోకి వచ్చింది.

పాత నేతచీర, చెమట పట్టిన ముఖం. పెళ్లికూతురి తల్లి ఉమకు ఆమె ఎవరో తెలియదు. గార్ల నుంచి మగపెళ్లివారి వెంట వచ్చిన మనిషేమో అనుకుని మంచినీళ్లు ఇవ్వబోయింది.

“జర ఆగున్రి. పిల్లకు, పిలగానికి రక్తపరీక్ష చేయించినంకనే ఖాయం చేసుకోన్రి” అందామె.



శుభకార్యంలో నెత్తురు మాటా? ఏ ఆటంకం రావద్దని మల్లన్నకు మొక్కుకున్న ఉమ ఇవ్వబోయిన నీళ్లు పక్కన పెట్టేసింది.

“నువ్వెవరివమ్మా?”

“ఎవరినైతేంది అక్కా. పిల్లలు పోయినదాన్ని. ముగ్గురిని కంటె ఒక్కడే మిగిలిండు. ఎందుకు పోయిన్రో దవాఖానల ఆలస్యంగ చెప్పిన్రు.”

“అయితే పోయి నీ కొడుకు పెండ్లిల చెప్పుకో.”

ఎవరో కిసుక్కున నవ్వారు. పెళ్లికొడుకు తండ్రి రాజేందర్ తల ఎత్తకుండానే, “పిచ్చిది. బయటికి పంపున్రి” అన్నాడు.

ఆమె పిల్లనూ పిలగాణ్నీ ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఆ మాట పెళ్లికూతురు ప్రవళిక మనసులో నిలిచిపోయింది. “సూదే గదమ్మా” అంటూ పరీక్షకు బయల్దేరింది. ఫోన్ చేస్తే పెళ్లికొడుకు సంతోష్ కూడా వచ్చాడు.

ఇద్దరి రక్తంలోనూ ఒకే లోపం దాగి ఉంది.

“ఒక్క దిక్కు నుంచే వస్తే పైకి తెల్వదు, ఏం గాదు” అంది మానుకోట దవాఖానలో డాక్టరమ్మ. “తల్లి దిక్కు నుంచి, తండ్రి దిక్కు నుంచి రెండూ వచ్చిన బిడ్డకే జబ్బు. బతికినన్నాళ్లు రక్తం ఎక్కించుడే.”

సంబంధం మంచి మాటలతోనే ఆగిపోయింది.

మగపెళ్లివారు పెట్టిన చీర, ఉంగరం తిరిగి ఇవ్వడానికి గార్ల వెళ్లిన ఉమ, సంతోష్ నాయనమ్మ రాములమ్మ పక్కన కూర్చుంది.

“ఆనాడు ఆమెను అంత మాటన్న. ఆ దేవుడే గా రూపంల వచ్చిండేమో అవ్వా. ఎక్కడున్నా వెతికి కాళ్లు మొక్కాలె.”

“ఇంకెక్కడి కాళ్లు బిడ్డా. పోయిన వారం కాలం చేసిందట.”

“నీకు ఎరుకనా ఆమె?”

ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“పిల్లలు తెల్లగ పాలిపోయి సచ్చిపోతుంటె, దాని కడుపే మంచిది గాదని ఎల్లగొట్టి రాజేందర్‌కు ఇంకో పెండ్లి చేసినం, పాలు మరువని సంతోష్‌ను మాత్రం దాని సంకల నుంచి గుంజుకున్నం.”