నల్లతెరలో రెండోవాడు

“దీనికి ఎలుక లేదేమయ్యా?” కుర్చీ దగ్గరికి లాక్కుంటూ అడిగాడు మేనేజరు.

“ఎలుకలు తిరిగేది వంటింట్లో సార్. ఇది సర్వర్.”

“సర్వర్ తిరిగేది కూడా వంటింటికీ టేబుళ్ళకీ మధ్యేగా!”

అడ్మిన్ గట్టిగా నవ్వాడు. మామూలు రోజయితే ఈ జోకుకి నవ్వేవాడు కాదు. బస్సు టికెట్లమ్మే ఆ సంస్థలో సర్వర్ బాగోగులు చూసేది అతనొక్కడే. బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లటి తెర, దానిమీద తెల్లటి అక్షరాలు. ఏ పని కావాలన్నా ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ కొట్టాలి. ఈ మధ్య ఒక కంపెనీవాడు వచ్చి, “మా సరుకు కొనండి, రంగురంగుల బొమ్మలు నొక్కితే చాలు, మనిషితో పనే లేదు” అని మేనేజరు చెవిలో ఊదిపోయాడు. ఆ ఊదుడుకి అడ్మిన్ ఉద్యోగం దీపంలా రెపరెపలాడుతోంది. అందుకే మేనేజరు ఇవాళ పక్కన కూర్చుని పని చూస్తానన్నాడు. నచ్చితే ఈ కుర్చీ, నచ్చకపోతే పార్సిళ్ళ గోదాము.

“పొద్దుట్నుంచి ఏం వెలగబెట్టావ్?”

“పాత టికెట్లు పేరుకుపోయి డిస్కు నిండిపోతోంది సార్. రోజూ రాత్రి నిన్నటి టికెట్లు వాటంతటవే చెరిగిపోయేలా ఆజ్ఞ రాసిపెట్టాను. ఇదిగో, ఇవాళ్టి తేదీ, పక్కన ప్లస్ ఒకటి. అంతే సార్! ఇదే పని బొమ్మలతో చెయ్యాలంటే మనకి బొమ్మ కనపడుతుంది.”

“చెయ్యి జారి తప్పు కొడితే?”

“యంత్రాన్ని అలా పెంచాను సార్. పొద్దున ఎప్పుడైనా చెయ్యి జారినా, నేను భోంచేసి వచ్చేసరికి అదే సర్దుకుంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కరోజు ఆగిందా చెప్పండి?”

ఆగలేదు. మేనేజరు ఒప్పుకోక తప్పలేదు. “సరే, ఇప్పుడు ఇందులో ఎవరెవరున్నారో చెప్పగలవా?”

“‘హూ’ అని కొట్టాలి సార్, ఇంగ్లీషులో ఎవరని. ఎక్కడ నక్కినవాడైనా ఒక్క హూంకారానికి బయటపడతాడు.”

కొట్టాడు. తెరమీద రెండు వరుసలొచ్చాయి. రెండింటిలోనూ అతని పేరే.

“నువ్విద్దరేమిటయ్యా?”

అడ్మిన్ కుర్చీలోంచి సగం లేచాడు. “రెండోవాడు నేను కాదు సార్. నా పేరుతో ఎవడో దూరాడు. అదీ ఊళ్ళోంచే! ఇంకెవడు, ఆ బొమ్మల కంపెనీవాడే. నా పని చెడితేగా వాడి సరుకు చెల్లేది!”

“పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?”

“ప్రాణం పోయినా చెప్పను. పెళ్ళయిన కొత్తలో పెట్టింది, బ్రహ్మకి కూడా తెలీదు.”

“ముందు వాడేం చేస్తున్నాడో చూడు.”

అడ్మిన్ తెర మీదికి వంగాడు. “పనికిరాని ఫైళ్ళు తీసేస్తున్నాడు సార్. కౌంటర్లో టికెట్ల ప్రింటింగ్ ఆగిపోయినట్టుంది, దాన్ని మళ్ళీ నడిపించాడు.”

“దొంగ వచ్చి ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి పోతాడటయ్యా?”

“అడుగుజాడలు కనపడకుండా ఊడుస్తున్నాడు సార్! అయ్యో అయ్యో, నా ఆజ్ఞ తెరిచాడు. ప్లస్ తీసేసి మైనస్ పెట్టాడు!”

“మనల్నందర్నీ మైనస్ చేద్దామనే!” మేనేజరు లేచి నిలబడ్డాడు.

అడ్మిన్ చొక్కా చేతులు మడిచాడు. లాగిన్ అయినవాణ్ణి లాగి బయట పడేశాడు. ప్లస్ మళ్ళీ పెట్టాడు. ఊపిరి పీల్చుకునేలోగా రెండోవాడు తిరిగొచ్చి మైనస్ పెట్టాడు. ఇతను గెంటాడు, ప్లస్. అతను దూరాడు, మైనస్. మేనేజరు “వదలకు! పట్టుకో!” అని బల్ల చరుస్తుంటే, కౌంటర్లలో వాళ్ళు లేచి తొంగిచూశారు. సరిగ్గా అప్పుడే అడ్మిన్ జేబులో ఫోన్ మోగింది. ఇంటినుంచి.

“ఈవిడకి ఇప్పుడే గుర్తొస్తాను” అని గొణిగి ఫోన్ నోరు నొక్కేశాడు.

చివరికి బుర్ర వెలిగింది. రెండోవాణ్ణి మళ్ళీ గెంటి, పాస్‌వర్డ్ మార్చేశాడు. ప్లస్ పెట్టాడు. హూ అన్నాడు.

ఒక్కటే వరుస.

మేనేజరు కౌగిలించుకున్నంత పని చేశాడు. “బొమ్మల కంపెనీవాడికి ఇప్పుడే కబురు పెడతా, గుమ్మం తొక్కొద్దని. బొమ్మలు దొంగల్ని పడతాయా? నీ కుర్చీ నీదేనయ్యా!”

సాయంత్రం అడ్మిన్ ఇంట్లోకి నడవలేదు, ఊరేగాడు. అతని భార్య ప్రూఫులు ముందేసుకుని, ఎర్ర కలంతో కూర్చుని ఉంది. ఇంట్లోనే ఉండి ఊరందరి తప్పులూ దిద్దడం ఆవిడ వృత్తి.

“ఫోన్ ఎత్తలేదేం?” అంది కాఫీ అందిస్తూ.

“యుద్ధంలో ఉన్నానోయ్! సర్వర్లో దొంగ పడ్డాడు. గెంటినకొద్దీ వస్తాడే! ఆఖరికి పాస్‌వర్డ్ మార్చి పారేశా.”

“పాపం, ఏం ఎత్తుకెళ్ళాడట?”

“నేనుండగానా! పొద్దున నేను రాసిందాంట్లో ఒక గుర్తు మార్చబోయాడు. నాది నేను మళ్ళీ పెట్టేశా. ఇక రాత్రికి నిన్నటి టికెట్లు హాంఫట్!”

ఆవిడ ఎర్ర కలానికి మూత పెట్టింది.

“నిన్న అంటే ప్లస్సా, మైనస్సా అండీ?”

కాఫీ కప్పు మూతిదాకా వెళ్ళి ఆగిపోయింది. ప్లస్ అంటే రేపు. రేపటి బస్సుల టికెట్లన్నీ ఈ రాత్రికి... అయినా, ఆ గుర్తు ప్లస్సో మైనస్సో అని తను చెప్పనేలేదే!

ఆవిడ ప్రూఫులు పక్కకి నెట్టి లాప్‌టాప్ ముందుకు లాక్కుంది.

“కొత్త పాస్‌వర్డ్ చెప్పండి, రోజూలాగే నేను దిద్దేస్తాను.”