బిగిసిన మణికట్టు

"షెకీ, మణికట్టు బిగబట్టు. జెర సుత కదలొద్దు," అన్నాడు ఇవాన్.

మూడు నెలలుగా అదే మాట. పళ్లెంలాంటి డిస్క్‌ను విసిరే ఆట డిస్క్ గోల్ఫ్‌లో నా గురువూ, బయట నా ప్రియుడూ అతనే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగినై ఉండి కూడా, ఒక్క వీడియో వెతకకుండా అతన్నే నమ్మాను.

నేరేడ్‌మెట్ గ్రౌండ్‌లో ఆ రోజు సెలక్షన్. బెంగళూరు పోటీకి అందరికంటే దూరం విసిరిన ఒక్కరినే పంపుతారు. ఇవాన్ విసిరిన డిస్క్ ఎనభై మీటర్లు పోయింది. ఇక మిగిలింది నేనే.

చూసి నేర్చుకుందామని అతను విసురుతున్నప్పుడే స్లో మోషన్‌లో వీడియో తీసుకున్నాను. ఫోన్‌లో అతని మణికట్టు మెత్తగా లోపలికి వంగి, చివరి క్షణంలో ఫట్‌మని తెరుచుకుంది.

"ఏందిది ఇవాన్? నీది లూజుగుంది!"

అతను ఫోన్ వంక చూడలేదు. "ఉన్నది ఒక్క సీటే కద షెకీ. నువ్వు పోతే నేనేం జెయ్యాలె?"

"షెకీనా!" సెలక్టర్ బ్యూలా మేడమ్ పిలిచింది.

మణికట్టు వదులు చేద్దామనుకున్నాను. మూడు నెలల అలవాటు నా మాట వినలేదు. డిస్క్ నలభై మీటర్ల దగ్గరే పడిపోయింది.

అందరికంటే ముందు ఇవానే పరుగెత్తుకొచ్చి నా భుజం తట్టాడు.

"పరేషాన్ గాకు. వచ్చే ఏడు సుత నేనే నేర్పిస్త."